నేను సుబేదారు బంగళాను

నా పునాది రాయి 1886లో పడింది. జార్జ్ పామర్ అనే ఆయన భార్య వేసిన రాయి అది. హన్మకొండలో నన్ను నిజాం సర్కారు తన సుబేదారు కోసం కట్టించింది. నా చుట్టూ పెరిగిన పేటకు సుబేదారి అన్న పేరు అలా వచ్చిందే.

సుబేదారంటే ఒక్క ఊరికి దొర కాదు. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు మూడూ వరంగల్ సుబా కిందివే. పల్లెలో పట్వారీ రాసిన లెక్క తహసీల్దారుకు, అక్కణ్నుంచి తాలూక్‌దారుకు, ఆ పైన సుబేదారుకు చేరాలి. ఆ వరసలో అందరికీ కాగితమే సాక్ష్యం. కాగితం లేనివాడికి భూమి లేదు.

ఆదిలాబాద్ కొండల్లోని గోండు ఆదివాసులకు కాగితాలు లేవు. తాతల నాటి నుంచి దున్నుకున్న చెలకలు, మొక్కిన దేవతలు, పశువులు మేసిన అడవి ఉన్నాయి. సర్కారు ఆ అడవికి రిజర్వు గీతలు గీసింది. గీత లోపలి చేను నేరమైంది, పుల్ల విరిస్తే జుర్మానా, పశువు మేస్తే పన్ను. బయటి నుంచి వచ్చినవాళ్లు మాత్రం దఫ్తరు దారులు తెలిసినవాళ్లు గనుక అవే భూములకు పట్టాలు చేయించుకున్నారు. నా వంటి బంగళాల్లో కూర్చున్న పాలనకు ఈ అన్యాయం న్యాయంగానే కనిపించింది. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అందుకే.

ఆ కొండల్లోంచే గోండు వీరుడు కొమురం భీం లేచాడు. తండ్రి చావుకు అటవీ సిబ్బందే కారణమని అక్కడివారి మాట. జాగీర్దారు మనిషి సిద్దిఖీతో భూమి తగాదా హత్య దాకా పోయాక భీం అస్సాం వెళ్లి తేయాకు తోటల్లో పనిచేశాడని, తిరిగి వచ్చి జోడేఘాట్, బాబేఝరి చుట్టుపట్ల పన్నెండు గూడేలను ఒక్కటి చేశాడని చెబుతారు. జల్, జంగల్, జమీన్ - నీరు, అడవి, భూమి. అడిగింది ఈ మూడే. నిజాంను కలిసి చెప్పుకోవాలని హైదరాబాద్ వెళ్తే దర్శనమే దొరకలేదంటారు. 1940లో జోడేఘాట్‌లో పోలీసుల తూటాలకు సహచరులతో పాటు నేలకొరిగాడు. ఆదివాసులు ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు అక్కడికి చేరి ఆయనను తలచుకుంటారు.

తర్వాత సర్కారే ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను ఆ గూడేలకు పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి చూసి రాసిన నివేదికల తర్వాత గోండులకు పట్టాలు ఇవ్వడం మొదలైంది. భీం అడిగినది సబబని అంతకంటే పెద్ద ఒప్పుకోలు ఏం కావాలి? బతికుండగా వినలేదు, అంతే.

1948లో నిజాం పాలన పోయింది. సుబేదార్లు పోయి కలెక్టర్లు వచ్చారు. అల్లం రాజయ్య, సాహు కలిసి భీం మీద నవల రాశారు. 2016లో ఆయన పేరుతో ఒక జిల్లానే వచ్చింది. జోడేఘాట్‌లో స్మారక మ్యూజియమూ ఏర్పడింది. ఆయన విగ్రహం, ఆదివాసుల వాద్యాలు, నగలు, బతుకు తీరు చూపే బొమ్మలు ఆ కొండల నడుమే ఉన్నాయి. ఆయన పడిన చోటే ఆ మ్యూజియం ఉండటం సరైనది. నగరానికి తెచ్చి పెడితే ఆ అడవిని ఎక్కణ్నుంచి తెస్తారు?

కానీ కథలో సగమే అక్కడుంది. తిరగబడినవాళ్ల ఇల్లు జోడేఘాట్, ఏలినవాళ్ల ఇల్లు నేను. నా దగ్గరికి వచ్చేవాళ్లు కమానులు, మెట్లు చూసి ఫొటోలు దిగుతారు. ఈ బంగళా అధికారం ఏ కొండల దాకా సాగిందో చెప్పే ఒక్క పటం నా గోడ మీద లేకపోతే ఆ చూపు అసంపూర్ణం.

అందుకే అధికారులకు నా విన్నపం ఒకటే. నాలో ఒక గది ఇవ్వండి. మూడు జిల్లాల పాత సుబా పటం పెట్టి, అందులో జోడేఘాట్ ఎక్కడుందో గుర్తు పెట్టండి. అడవి చట్టాలు, జుర్మానాలు, పట్టాల కథ తెలుగులోనూ గోండిలోనూ రాయించండి. సుబేదారి కాలేజీల్లో చదివే పిల్లలారా, ముందు ఆ గది చూసి, ఆ తర్వాత కెరమెరి వైపు వెళ్లే బస్సెక్కి జోడేఘాట్ వెళ్లండి.