ప్రేమచేతఁ జచ్చెఁ బెంచు చేప: టీకా తాత్పర్య సహితం

అవతారిక: నెల్లూరులో ఒకానొక గృహస్థు కొత్త ఇంటి హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టించాడు. మైపాడు సముద్రం దగ్గరే, నీళ్లకు కొదవ లేదు. చెన్నై కొళత్తూరు నుంచి నారింజ రంగు క్లౌన్ చేపలు దిగాయి. వారం తిరక్కుండా అవి ఒక్కొక్కటే వెల్లకిలా తేలాయి. అత్తగారు దిష్టి అన్నారు. కవి కాదంటూ ఇలా అన్నాడు:

కొత్త నీరు పోసి కొసరి కొసరి మేత
చల్లి చల్లి జాలి చాల జూపి
మురికి కడిగి కడిగి మూలమే మాపిన
ప్రేమచేతఁ జచ్చెఁ బెంచు చేప

ప్రతిపదార్థం:

కొత్త నీరు = మైపాడులో క్యాన్లకు పట్టి తెచ్చిన నీరు. సముద్రానికి పాతదే, తొట్టికి కొత్తది.

పోసి = పోసిన సాయంత్రమే చేపలనూ వదిలి.

కొసరి కొసరి = తాతయ్య వేసింది నాయనమ్మకు తెలియకుండా, ఆమె వేసింది మనవడికి తెలియకుండా.

మేత = చేప తిన్నది కొంత, ఇసుకలో కుళ్లింది మిగతా అంతా.

జాలి చాల జూపి = ఒంటరిగా బెంగపెట్టుకుంటాయని మరో నాలుగింటిని తోడు తెచ్చి.

మురికి = ఈ పద్యానికి నాయకుడు. నిరూపణ కింద.

కడిగి కడిగి = ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద తెల్లబడేదాకా పిండి.

మూలమే = ఆ స్పాంజిలో అప్పుడప్పుడే కాపురం పెడుతున్న బ్యాక్టీరియానే.

మాపిన = కుళాయి నీటిలోని క్లోరిన్‌తో తుడిచిపెట్టిన.

పెంచు చేప = పెంచబడుతున్న చేప. 'చంపు చేప' అని పాఠాంతరం. యతి చెడుతుంది గనుక గ్రాహ్యం కాదు. అర్థం మాత్రం చెడదు.

తాత్పర్యం: చేప విసర్జన, మిగిలిన మేత కలిసి అమ్మోనియా అవుతాయి. ఒక జాతి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు. మూడోది మితంగా ఉంటే చేప ఓర్చుకుంటుంది. ఈ సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. గృహస్థు ఇచ్చిన గడువు ఒక పూట. పైగా సముద్రపు నీటి పీహెచ్ 8 దాటి ఉంటుంది కాబట్టి, అమ్మోనియాలో విషరూపం పాలు అక్కడ ఎక్కువ. గోల్డ్‌ఫిష్‌లను పెంచిన అనుభవంతో ధైర్యం చేసినవారు బోర్లాపడేది ఇక్కడే.

విశేషాలు:

1. పూర్వపక్షం: 'తొట్టిలో నీళ్లు తగ్గితే సముద్రపు నీళ్లే పోయాలి కదా, చేప సముద్రపుదే కదా?' సిద్ధాంతం: కాదు. నెల్లూరు ఎండకు ఆవిరయ్యేది నీరు. ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. మళ్లీ ఉప్పునీరే పోస్తే పోసినకొద్దీ ఉప్పు పెరుగుతుంది. తరిగిన మేర క్లోరిన్ లేని మంచినీరే పోయాలి. ఇంకో చిక్కుంది. సముద్రంలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పని పుస్తకం చెబుతుంది. కానీ ఈశాన్య రుతుపవనాల్లో పెన్న పొంగి కడలిలో కలిసే రోజుల్లో ఒడ్డు నీళ్లు పలచబడతాయి. కొలవకుండా తెచ్చిన క్యానులో ఏ సముద్రం ఉందో చెప్పలేం.

2. దృష్టాంతం: ఈ పద్యార్థం నెల్లూరు తీరానికి కొత్త కాదు. 1990ల తొలినాళ్లలో టైగర్ రొయ్య మోజులో కండలేరు క్రీకు పొడవునా గుంటలు వెలిశాయి. నీళ్లు తోడుకునేది ఆ క్రీకు నుంచే, వదిలేదీ దానిలోకే. రొయ్య నీరసిస్తే రైతు ఆదుర్దాగా మరిన్ని నీళ్లు మార్చేవాడు. పక్క గుంట వదిలిన జబ్బు ఆ నీళ్లతోనే లోపలికి వచ్చేది. 1994-95లో తెల్లమచ్చ రోగం కొంపలు ముంచింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక సాగు మళ్లీ ఊపందుకుంది. ఇప్పటి రైతు నీళ్లకు బ్లీచింగ్ కొట్టి, ఆ ఘాటు పోయేదాకా ఆగుతాడు. పరీక్ష చేయించాకే పిల్ల వదులుతాడు. మేత కొంత చెక్ ట్రేలో వేసి గుంటలోకి దించుతాడు. గంటో రెండు గంటలో ఆగి పైకి తీసినప్పుడు మిగిలి ఉంటే మరుసటి పూట మేత తగ్గిస్తాడు. ప్రేమకు కళ్లెం వేసే సాధనం అది. మన గృహస్థు బావమరిదికి ముత్తుకూరు దగ్గర గుంటలున్నాయి, మత్స్యశాస్త్ర కళాశాల ఉన్నదీ ఆ ఊళ్లోనే. అయినా బావమరిదిని అడగడం నామోషీ.

3. నాయక నిర్ణయం: చేప నాయకుడని కొందరి మతం. అది సరికాదు. చేప చచ్చింది మురికి లేక కాదా అని వీరు ఆలోచించరు. స్పాంజి మీది జిగురు, రాళ్ల సందుల్లోని పాకుడు, వీటిలోనే తొట్టి ప్రాణం ఉంది. స్పాంజిని మరీ కడగక తప్పనప్పుడు, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే ముంచి మెల్లగా పిండాలి.

4. అలంకారం: మేలు తలపెడితే కీడు మూడింది గనుక విషమం. రసం: గృహస్థు పక్షాన కరుణం, బావమరిది పక్షాన హాస్యం.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని శ్రద్ధగా పఠించినవాడు చేపలు లేని తొట్టిలో రోజూ చిటికెడు మేత వేసి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగేదాకా నెలన్నరైనా చేతులు కట్టుకు కూర్చోగలడు. 'చేపలేవి?' అని చుట్టాలడిగితే, 'ముందు వాటిని సాకేవాళ్లను సాకుతున్నాం, కంటికి ఆనరు' అని నదురూ బెదురూ లేకుండా చెప్పగలడు.