సీసపు ముద్ర

నేను ఆటో మీటర్‌ని. బీదర్ బస్టాండు బయట సవారీల కోసం ఎదురుచూసే ఒక ఆటోలో ఉంటాను. వెలగడం మానేసి చాలా కాలమైంది. ఈ ఊళ్లో బేరం నోటిమాట మీదే నడుస్తుంది: సీటుకింత, లేదంటే బండి మొత్తానికింత. అయినా మా డ్రైవర్ హైదరాబాదులో పాత బండి అమ్మేసిననాడు నన్ను విప్పి సంచిలో వేసుకుని తెచ్చాడు. ఇక్కడి బండికి బిగించాడు. పొద్దున్నే బండితో పాటు నన్నూ తుడుస్తాడు.

నేను కొలువు చేసింది హైదరాబాదులో. 2014లో ధరలు మారినప్పుడు నాలో కొత్త లెక్క ఎక్కించారు. మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. తూనికలు కొలతల శాఖవాళ్లు నన్ను పరీక్షించి, సన్నని తీగకు సీసపు బిళ్ల నొక్కి ముద్ర వేశారు. ఆ ముద్ర తెగితే నా మాట చెల్లదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టడం ఒక్కటే నాకు తెలిసిన చదువు. వెనక సీట్లో ఉన్నది బట్టల వ్యాపారో, పసిబిడ్డతో దవాఖాన నుంచి వస్తున్న బాలింతో నాకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు. రాత్రయితే ధర పెరిగేది, అదీ అందరికీ ఒకేలా. నా ఎర్ర అంకెను డ్రైవరూ చూసేవాడు, ఎక్కినవాళ్లూ చూసేవాళ్లు.

మా జాతిలో దొంగలు లేరని అనను. ముద్ర తెంపించుకుని చక్రం కంటే ముందు పరిగెత్తిన మీటర్లున్నాయి. రోజూ అదే దారిన పోయేవాళ్లు రెండో రోజుకే ఆ తేడా పట్టేవాళ్లు, నిలదీసేవాళ్లు. మరో సంగతీ చెప్పాలి. గ్యాసు ధర పెరిగింది, ఇంటి అద్దె పెరిగింది, నాలోని లెక్క మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోయింది. ‘మీటరు మీద ఇరవై ఇయ్యండి’ అనడం మొదలుపెట్టిన డ్రైవర్లను నేను తప్పుపట్టలేను. అలా కొన్నాళ్లు నడిచాక నన్ను ఆపేశారు. నా పక్కన బండి పిలిచే యాప్‌తో ఫోన్ వచ్చి కూర్చుంది.

ఒక సాయంత్రం పంజాగుట్టలో ఒక దవాఖాన గేటు దగ్గర అత్తాకోడళ్లు ఎక్కారు. బీదర్ నుంచి వైద్యానికి వచ్చి, తిరుగు బస్సు కోసం ఇమ్లీబన్ బస్టాండుకు పోతున్నారు. కోడలి ఫోన్‌లో ధర 164. బండి ఎక్కాక, కొడుకు యాప్ పెట్టి ఇచ్చిన అత్త ఫోన్‌లో అదే దారికి చూస్తే 138.

“అదే బండి, అదే తొవ్వ. ధర రెండెట్లయితది బిడ్డా?” అని అడిగింది అత్త.

“నా ఫోన్ల 116 చూపిస్తున్నది అమ్మా. మీ ఫోన్ల సంగతి నాకెరుక లేదు” అన్నాడు మా డ్రైవర్.

ఒక్క ప్రయాణానికి మూడు అంకెలు. నడుమ గడిచిన రెండు నిమిషాల్లో గిరాకీ తగ్గి ఉండొచ్చు. అత్తకు కొత్త ఖాతా అని ఏదో తగ్గింపు తగిలి ఉండొచ్చు. కోడలు నెలనెలా ఆ గేటు దగ్గరే బండి పిలుస్తుందని, ఎంతైనా ఇస్తుందని లెక్క తేలి ఉండొచ్చు. వీటిలో ఏది నిజమో చెప్పగలిగినవాళ్లు ఆ బండిలో లేరు. అడగడానికి ఒక మనిషీ లేడు. నన్ను బాధపెట్టింది ఆ 26 రూపాయల తేడా కాదు, ఈ సంగతే.

తర్వాత సవారీల మాటల్లో చాలా విన్నాను. ఫోన్ బ్యాటరీ అడుగంటినవాళ్లు ఎక్కువ ధరకైనా ఒప్పుకుంటారని ఊబర్ పరిశోధకుడే 2016లో చెప్పాడట. దాన్నిబట్టి ధర కట్టబోమనీ అన్నాడట. ప్రతి మనిషికీ ప్రతి ప్రయాణానికీ ధర వేరుగా తేలుతుందన్న మాట 2018 నవంబరులో కాంపిటీషన్ కమిషన్ ఉత్తర్వులోనే ఉంది. 2025 జనవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఓలా, ఊబర్‌లకు నోటీసులిచ్చింది. ఐఫోన్‌కు ఒక ధర, ఆండ్రాయిడ్‌కు ఒక ధర ఎందుకు కనిపిస్తోందని అడిగింది. ఫోన్ రకాన్నిబట్టి ధర పెట్టడం లేదని రెండు కంపెనీలూ జవాబిచ్చాయి. ఆ ఏడాది జూలైలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు రద్దీవేళ ధర మూల ధరకు రెండింతలు దాటకూడదన్నాయి. హద్దు మంచిదే. కానీ నాకెందుకింత, పక్కవాడికెందుకంత అన్న ప్రశ్నకు హద్దు జవాబు చెప్పదు.

బీదర్‌లోనూ మనిషిని చూసి ధర చెప్పడం ఉంది. నాందేడ్ దర్శనం చేసుకుని నానక్ ఝీరా గురుద్వారాకు వచ్చే యాత్రికులు పెట్టెలతో దిగితే, మా డ్రైవర్ కూడా పదో ఇరవయ్యో ఎక్కువే అడుగుతాడు. వాళ్లు అతని మొహం చూస్తారు, పక్క బండిని అడుగుతారు, టీకొట్టువాణ్ణి అడిగి అసలు ధర తెలుసుకుంటారు. ఒకసారి ఒక పెద్దాయన బేరం తెగక పెట్టె భుజానికెత్తుకుని నడక మొదలుపెడితే, మావాడే వెంటపడి వెనక్కి పిలిచాడు. ఫోన్‌లో ఒకవైపే చూపు. అది మన రాకపోకలు, మన తొందర, మన అవసరం చూస్తుంది. మనకు కనబడేది అంకె ఒక్కటే.

నాకు వేసినట్టే ఆ లెక్కకూ ఎవరైనా ముద్ర వెయ్యాలి. ముందు తెరిచి పరీక్షించాలి, తర్వాత వెయ్యాలి. ఆ లెక్క ఏమేం చూసి ధర కడుతోందో ఎక్కేవాళ్లకు చెప్పాలి, తోలేవాళ్లకూ చెప్పాలి.

అంతవరకు మీరొక పని చెయ్యండి. ఈసారి బండి పిలిచేటప్పుడు ఇంట్లో రెండు ఫోన్లుంటే రెండూ పక్కపక్కన పెట్టి, ఒకే సమయంలో, ఒకే దారికి ధర చూడండి. తేడా ఉంటే రెండు తెరలనూ ఫోటో తీసి, టైము రాసి ఉంచుకోండి. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. తెలుగులోనూ ఫిర్యాదు తీసుకుంటారు.