స్టీలు ఒంటితో పుట్టినదాన్ని

నేను చేతి గడియారాన్ని. పుట్టిల్లు జెనీవా. ఇంటిపేరు పటేక్ ఫిలిప్, పేరు నాటిలస్, నంబరు 5711/1ఏ. చివరి 'ఏ' అక్షరం 'ఆసియే' అనే ఫ్రెంచి మాటకు గుర్తు, ఉక్కు అని అర్థం. మీ వంటింటి గిన్నెల స్టీలుకు నా ఒళ్లు దగ్గరి చుట్టమే. 2021లో నా షాపు ధర దాదాపు 35,000 డాలర్లు. అదే ఏడాది నన్ను మళ్లీ అమ్మినవాళ్లకు అంతకు మూడు రెట్లు, కొందరికి ఇంకా ఎక్కువ వచ్చింది. బంగారాన్ని కాసుల్లో, తులాల్లో తూచి కొనే ఇళ్లవాళ్లకు ఇది వింతగా తోస్తుంది. కరిగిస్తే పదిరూపాయలు రాని లోహానికి ఇంత వెల ఏమిటని అడుగుతారు. దానికి జవాబు మా వంశ చరిత్రలో ఉంది. వాచీ చేయి మారేటప్పుడు దాని ధరను తేల్చేది లోహం విలువ కాదు. ఆ లోహంలో అలాంటివి ఎన్ని చేశారు, వాటిని ఎందరు అడుగుతున్నారు అన్న రెండు లెక్కల మధ్య తేడాయే ధరను తేలుస్తుంది.

ఖరీదైన వాచీ అంటే బంగారు వాచీయే అన్న నమ్మకం చాలా పాతది. 1969 డిసెంబరులో జపాన్‌లో సీకో సంస్థ తొలి క్వార్ట్జ్ చేతి గడియారం ఆస్ట్రాన్‌ను తెచ్చినప్పుడు, ఆ కొత్త యంత్రాన్ని కూడా బంగారు కేసులోనే పెట్టి 4,50,000 యెన్లకు అమ్మింది. ఆ నమ్మకాన్ని గట్టిగా కదిపింది మా రూపశిల్పి జెరాల్డ్ జెంటా. ఆయన గీసిన రాయల్ ఓక్‌ను ఆడెమార్ పిగే సంస్థ 1972లో బాసెల్ ప్రదర్శనలో స్టీలులో నిలబెట్టి 3,300 ఫ్రాంకులు అడిగింది. అప్పట్లో చాలా బంగారు వాచీలకు కూడా అంత ధర లేదు. ఆ వాచీ తొలి నమూనాలు తెల్ల బంగారంలో చేశారు. మెత్తటి బంగారాన్ని కోసి, మెరుగుపెట్టడం తేలిక. ఆ కోణాలనే గట్టి స్టీలులో అంత నున్నగా తేవడానికి కొత్త పనితనం కావలసి వచ్చింది. నాలుగేళ్లకు, 1976లో, అదే జెంటా గీతతో మా మొదటి నాటిలస్ పుట్టింది, అదీ స్టీలులోనే. అంటే కొన్నవాళ్లు మొదటినుంచీ ఇచ్చింది ఆకారానికి, పనితనానికి. లోహానికి కాదు.

బంగారం ఎప్పటికీ బంగారమే, గిరాకీ పోయినా కరిగిస్తే సొమ్ము వస్తుందని మీరనవచ్చు. నిజమే, కాదనను. కానీ ఎంత వస్తుందో లెక్కవేయండి. కేసు, పట్టీ కలిపి వంద గ్రాముల 18 క్యారట్ల బంగారం ఉన్న వాచీ అనుకుందాం. అందులో మేలిమి 75 గ్రాములు. ఔన్సు 4,000 డాలర్లు ఉన్నప్పుడు కూడా దాని విలువ పదివేల డాలర్లకు కాస్త తక్కువే. అలాంటి వాచీ షాపు ధర 40,000 డాలర్లు దాటుతుంది. నగ కొన్నప్పుడు తరుగూ మజూరీ పోయినా పెట్టిన డబ్బులో పెద్ద భాగం బంగారంగా నిలుస్తుంది. వాచీలో నాలుగో వంతే నిలుస్తుంది, మిగతా మూడు వంతులూ తర్వాత వచ్చేవాడి కోరిక మీద ఆధారపడతాయి. బంగారం పడిపోకుండా పట్టే నేల మాత్రమే, ఆ నేల చాలా కింద ఉంది. బంగారంలోనూ ప్లాటినంలోనూ చేసిన తోలుపట్టీ వాచీలు ఎన్నో సెకండ్‌హ్యాండ్‌లో షాపు ధరకు తక్కువకే పోవడానికి కారణం ఇదే.

అయితే స్టీలు కొంటే చాలు, లాభమేనా? కాదు. స్టీలు వాచీల్లో అత్యధిక భాగం షాపు గడప దాటగానే ధర తగ్గుతాయి. స్టీలులో మంత్రం లేదు. మా ఇంటి పెద్ద 1518ను చూడండి. అది 1941లో మొదలైన రకం, మొత్తం 281 చేశారు, ఎక్కువ పసుపు బంగారంలో. స్టీలులో ఉన్నట్టు తెలిసినవి నాలుగే. 2016లో జెనీవా వేలంలో ఆ నాలుగింటిలో ఒకటి కోటీ పది లక్షల ఫ్రాంకులకు పోయింది. పసుపు బంగారానివి సాధారణంగా కొన్ని లక్షల దగ్గరే ఆగుతాయి. ఇక రోలెక్స్ డేటోనాను తీసుకోండి. చేత్తో కీ ఇచ్చే పాత డేటోనాలు స్టీలులోను, పసుపు బంగారంలోను కావలసినన్ని ఉన్నాయి. తెల్ల బంగారంలో తెలిసినది ఒక్కటే. 2018లో అది దాదాపు 59 లక్షల ఫ్రాంకులు పలికింది. ఒక చోట స్టీలు గెలిచింది, ఇంకో చోట బంగారం గెలిచింది. రెండు చోట్లా గెలిచింది ఆ కుటుంబంలో అరుదైన లోహమే.

అరుదు అన్నది తయారీదారు చేతిలోని ఎత్తు కదా అన్న ఆక్షేపణ బలమైనది. మా సంస్థ అధిపతి థియరీ స్టెర్న్ స్టీలు వాచీల వాటాకు హద్దు పెడతామని బహిరంగంగానే చెప్పారు. నన్ను 2021లో ఆపేశారు. ఆ డిసెంబరులో నగల సంస్థ టిఫనీ పేరుతో, లేత నీలి డయల్‌తో 170 మాత్రం చేస్తే, వేలానికి వచ్చిన మొదటిది 65 లక్షల డాలర్లు దాటింది. కానీ తక్కువ చేసినంత మాత్రాన ధర రాదు. పరిమిత సంఖ్యలో చేసి, అడిగే దిక్కులేక అరల్లో ఉండిపోయిన వాచీలు బోలెడు. కోరిక ముందుండాలి, కొరత దాని మీద పనిచేస్తుంది. 2022 వసంతం తర్వాత షేర్లు, క్రిప్టో పడిపోయినప్పుడు నా ధర కూడా బాగా జారింది. నా స్టీలు మారలేదు, యంత్రం మారలేదు, సంఖ్య పెరగలేదు. మారింది అడిగేవాళ్లే. నా వాదానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అదే ఏడాది అక్టోబరులో నా స్థానంలో వచ్చిన చెల్లెలు 5811 తెల్ల బంగారంలో పుట్టింది. అదీ షాపు ధర కంటే ఎక్కువకే చేతులు మారుతోంది. దూరం నుంచి చూస్తే మా ఇద్దరి రంగూ ఒకటే.

అందుకే ఖరీదైన వాచీ కొనేటప్పుడు గ్రాములు అడిగితే సరిపోదు. ఈ నమూనా ఈ లోహంలో ఎన్ని ఉన్నాయో, పదేళ్ల తర్వాత కూడా దీన్ని వెతుక్కునేవాళ్లు ఉంటారో లేదో విచారించండి. నాలోనూ బంగారం ఉంది. లోపల తిరిగే రోటర్ 21 క్యారట్లది, డయల్ మీద గంటల గుర్తులు తెల్ల బంగారానివి. నన్ను కొన్నవాళ్లెవరూ దాన్ని తూచి ధర కట్టలేదు.