మలక్‌పేట సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: జాకీ శాతం చూసి కాసినవాడికి నష్టం లేదు.

అవతారిక

ఈ సూత్రాన్ని ఎవరు చెప్పారో తెలియదు. అపౌరుషేయం అందామంటే వీల్లేదు. రేసు రోజున మలక్‌పేటలో ఎవరో ఒక పురుషుడు దీన్ని చెబుతూనే ఉంటాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో గుర్రప్పందేలను మౌలాలి నుంచి మలక్‌పేటకు తెచ్చాడు. ఆనాటి నుంచి అక్కడ డబ్బు పోగొట్టుకునే పద్ధతి మారలేదు, పోగొట్టించే పద్ధతి మాత్రం మారింది. వెనకటివాడు పక్కకు లాగి, "అన్నా, లోపలి ఖబర్, గుర్రం రెడీ" అని చెవిలో చెప్పేవాడు. నమ్మి మునిగినా కాస్త సరదా మిగిలేది. ఇప్పటివాడు పాఠం చెబుతాడు. చేతిలో రేసు పుస్తకం, ఫోనులో ఎక్సెల్ షీటు. "సార్, నేను జూదం ఆడను, డేటా చూసి ఇన్వెస్ట్ చేస్తా" అంటాడు. ఈ మాట విన్నాక ఈ సూత్రానికి టీక రాయక తప్పదనిపించింది.

టీకాకారులకు పెద్దదిక్కయిన కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగం నేనూ పడతాను. రెండో సగం నిలబెట్టుకున్న టీకాకారుణ్ని ఆయన తర్వాత ఇంకా చూడవలసి ఉంది.

సూత్రమన్నాక అక్షరాలు తక్కువుండాలి, సందేహం ఉండకూడదు, సారం ఉండాలి. మొదటి లక్షణం దీనికి పుష్కలంగా ఉంది.

ప్రతిపదార్థం

జాకీ = సులభం. వదిలేస్తున్నాను.

శాతం = వందకు ఇన్ని అని. ఏ వందకు? ఇక్కడ మూలం మౌనం వహించింది, మన ఎక్సెల్ పండితుడు కూడా. ఒక జాకీ యాభై స్వారీలు చేసి పది గెలిచాడనుకుందాం. షీటులో "20 శాతం" అని ఆకుపచ్చ రంగులో పడుతుంది. యాభై స్వారీల మీద వచ్చిన ఇరవై శాతానికి గణాంకశాస్త్రం ఇచ్చే వెసులుబాటు చిన్నది కాదు: అతని అసలు సత్తా 9 శాతమూ కావచ్చు, 31 శాతమూ కావచ్చు. మామూలువాడూ, మహానుభావుడూ ఇద్దరూ ఆ గీతల మధ్యే సర్దుకుంటారు. పండితుడు అక్కడితో ఆగడు. "వానాకాలం సీజన్, 1200 మీటర్లు, ఈ ట్రైనర్ గుర్రం మీద ఇతనిది 50 శాతం సార్" అంటాడు. విప్పి చూస్తే రెండు స్వారీలు, ఒక గెలుపు. శాతం అనే మాటకు ఇంత అవమానం ఏ పరీక్షల బోర్డూ చేయలేదు.

ఇంకా లోతుకు పోతే, ఆ శాతం ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. మన తార్కికులు దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు. నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందా? ఉండదు, కట్టెలు తడిగా ఉంటేనే ఉంటుంది. ఆ తడి కట్టెలకు వాళ్లు పెట్టిన పేరు ఉపాధి. జాకీ ఉన్నచోటల్లా గెలుపు ఉంటే, మధ్యలో ఉన్న తడి కట్టెలేమిటో వెతకాలి. మంచి గుర్రాన్ని కొనగల యజమాని పేరున్న ట్రైనరుకు ఇస్తాడు. ఆ ట్రైనరు పేరున్న జాకీని ఎక్కిస్తాడు. గెలుస్తాడు. శాతం పెరుగుతుంది. పెరిగిందని మరో మంచి గుర్రం వస్తుంది. నైపుణ్యం లేదని నేననను. జాకీ పెసి ష్రాఫ్ 1,751 పందేలు గెలిచి 2004లో జీను దిగి, ట్రైనరుగానూ ముందువరసలోనే ఉన్నాడు. అది అదృష్టం అనేవాడు మూర్ఖుడు. అయితే ఆ 1,751లో చెయ్యెంత, గుర్రమెంత అని విడదీయకుండా, మొత్తం జాకీ ఖాతాలో వేసి, ఆ ఖాతా చూసి నాకు గుర్రం చూపించడం ఏం తర్కం? నవ్యన్యాయం చదివిన ఒక్క పండితుణ్ని రేసు క్లబ్బువారు గేటు దగ్గర కూర్చోబెడితే సగం జేబులు నిలిచేవి.

చూసి = చూడటంలో భేదాలున్నాయి. ఈ పదం దగ్గర కొంచెం కూర్చోవాలి.

లెక్కను చూడటం ఎలాగో, గుర్రాన్ని చూడటం ఎలాగో ఒకే కథలో చెప్పిన గ్రంథం భారతం. అరణ్యపర్వంలో, అదీ నన్నయ పాలికి వచ్చిన భాగంలో, నలోపాఖ్యానం. మనవాళ్లకు నలుడనగానే హంస, ఆ పైన వంట. శ్రీనాథుడు నైషధాన్ని పెళ్లి ముచ్చట్లతో ముగించి జూదం దాకా రాలేదు గనక, చదువుకున్నవాళ్లకూ ఆ రథం కథ అంతగా పట్టదు. నా దృష్టిలో ఆ ఉపాఖ్యానానికి గుండెకాయ ఆ రథమే.

జూదంలో రాజ్యం పోయి, కర్కోటకుడి కాటుకు రూపం పోయి, నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా ఉన్నాడు. దమయంతికి మళ్లీ స్వయంవరమట, రేపే అని కబురు. ఒక్క రోజులో విదర్భకు చేరాలి. బాహుకుడు అశ్వశాలకు పోయి చిక్కిపోయిన గుర్రాలను ఏరి తెచ్చాడు. రాజుకు మండింది, ఈ బక్కవి దారి నడుస్తాయా అని. బాహుకుడు వాటి ఒంటి మీది సుడులు చూపించాడు, సింధుదేశపు జాతి అన్నాడు, మీకు వేరేవి నచ్చితే చెప్పండి అన్నాడు. రాజు తగ్గాడు. గుర్రం సంగతి నీకే తెలుసన్నాడు. చదువరులు గమనించాలి: అక్కడ సారథి స్వయంగా నలుడు. అంతకు మించిన జాకీ పురాణాల్లో దొరకడు. ఆ నలుడే తన పేరు మీద పందెం వేయమనలేదు, ముందు గుర్రాన్ని చూశాడు.

రథం ఎలా పోయిందంటే, రాజుగారి ఉత్తరీయం జారింది, ఆపమని నోరు తెరిచేలోగా యోజనం దాటిపోయింది. రాజు మనసు చివుక్కుమంది. నీకు ఇది తెలిస్తే నాకూ ఒకటి తెలుసంటూ దారి పక్క తాండ్ర చెట్టును చూపించాడు. రెండు కొమ్మల్లో ఐదు కోట్ల ఆకులు, రెండువేల తొంభై ఐదు కాయలు అని చూపుతోనే చెప్పేశాడు. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయల సరసన చేరే తానికాయ ఈ చెట్టుదే. వేదకాలంలో పాచికలుగా దొర్లిందీ ఈ కాయే. లెక్కనూ జూదాన్నీ ఒకే చెట్టుకు కాయించిన కవి బుద్ధికి ఏ బిరుదు ఇవ్వాలో తెలియదు. ఇయాన్ హాకింగ్ అనే కెనడా తత్త్వవేత్త సంభావ్యతాశాస్త్రం ఎలా పుట్టిందో 1975లో ఒక పుస్తకం రాస్తూ ఈ చెట్టు దగ్గర ఆగాడు. కొంత చూసి మొత్తం చెప్పడమనే విద్య అంత పాతదా అని ఆశ్చర్యపోయాడు. మన పాఠ్యపుస్తకాలు మాత్రం ఆగలేదు.

నలుడు ఏం చేశాడు? అయ్యవారు చెప్పారు గదా అని తలూపలేదు. రథం దిగాడు. చెట్టు కొట్టి కాయలు లెక్కపెడతానన్నాడు. ఆలస్యమవుతుందని రాజు మొత్తుకున్నా వినలేదు. కావాలంటే రథంలో ఉన్న రెండో సారథి వార్ష్ణేయుణ్ని తోలమనండి అన్నాడు. లెక్కపెట్టాడు. సరిపోయింది. అప్పుడు నమ్మాడు, అప్పుడు ఆ అక్షహృదయాన్ని, అంటే పాచికల మర్మాన్ని, అడిగి పుచ్చుకున్నాడు. బదులుగా ఇవ్వవలసిన అశ్వహృదయాన్ని ప్రస్తుతానికి నీ దగ్గరే దాచిపెట్టమన్నాడు ఋతుపర్ణుడు. లెక్క తెలిసినవాడు గుర్రం విద్యకు తొందరపడలేదు, స్వయంవరానికి పడ్డాడు. విద్య లోపలికి పోగానే, నలుణ్ని ఆవహించి ఉన్న కలి బయటికి వచ్చి, శపించవద్దని బతిమాలి, ఆ తాండ్ర చెట్టులోనే దూరాడు. చెట్టుకు అప్పటి నుంచి చెడ్డపేరు. ఆ చెట్టు విత్తనమే మలక్‌పేటలో పడిందని స్థలపురాణం ఏదీ చెప్పడం లేదు. చెప్పవలసింది.

ఇంతకీ మనం "చూసి" దగ్గర ఉన్నాం. ఋతుపర్ణుడు తన లెక్కను కొట్టి చూసుకోనిచ్చాడు. మన ఎక్సెల్ పండితుణ్ని, "పోయిన సీజన్‌లో నువ్వు చెప్పిన గుర్రాలన్నీ ఒకచోట రాసి చూపించు" అని అడగండి. స్వయంవరానికి ఆలస్యమవుతుంది.

కాసినవాడికి = టోట్ కిటికీ దగ్గర నిలబడ్డవాడికి. 1860ల్లో పారిస్‌లో జోసెఫ్ ఓలర్ కనిపెట్టిన ఈ ఏర్పాటులో మనం క్లబ్బుతో పందెం వేయం, పక్కవాడితో వేస్తాం. అందరి డబ్బూ ఒకచోట పోస్తారు, క్లబ్బు తన పాలు తీసుకుంటుంది, మిగిలింది గెలిచినవాళ్లకు పంచుతారు. జాకీ శాతం రేసు పుస్తకంలో అచ్చయి ఉంది. అది అందరూ చూశారు. అందరూ అతని గుర్రం మీదే పోశారు. వచ్చే డివిడెండు ఆ మేరకు చిక్కిపోయింది. ఐదుసార్లకు ఒకసారి గెలిచే జాకీ మీద రూపాయికి నాలుగు వస్తుంటే, ఐదు పోసి నాలుగు తెచ్చుకున్నట్టు. శాతం నిజమే, నష్టమూ నిజమే. ఫేవరెట్ గుర్రం రమారమి మూడింట ఒకసారి గెలుస్తుందని ఎన్నో దేశాల లెక్కలు చెబుతున్నాయి. ఫేవరెట్లనే పట్టుకుని ధనవంతుడైనవాణ్ని ఆ లెక్కలు చూపించడం లేదు.

నష్టం లేదు = ఈ పదాల్లో "లేదు" అనేది లేఖక దోషమై ఉండాలి. పందేల మీద జీఎస్టీ పూర్తి విలువకు 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. గెలిచినా, ఓడినా. వంద పందేనికి నలభై సర్కారుకు, ఆ పైన క్లబ్బు పాలు. గెలుపు పదివేలు దాటితే 30 శాతం టీడీఎస్. ఏ జాకీ మణికట్టులో ఈ నలభైని దాటించే సత్తా ఉంది? ఈ ఒక్క గడి పండితుడి షీటులో ఎప్పుడూ కనబడదు. మిగతా గడులన్నీ రంగురంగులుగా ఉంటాయి.

పూర్వపక్షం

"హాంకాంగ్‌లో బిల్ బెంటర్ లెక్కలతోనే కోట్లు గడించాడు గదా?" అని అడుగుతారు. గడించాడు. లాస్ వేగాస్‌లో పేకముక్కలు లెక్కపెట్టి కాసినోల చేత గెంటించుకుని, 1980ల్లో హాంకాంగ్ చేరి, మొదట కొన్నేళ్లు పోగొట్టుకుని, ఆ తర్వాత గడించాడు. 1994లో తన పద్ధతిని వ్యాసంగా రాశాడు. అందులో జాకీ ఎన్నో అంశాల్లో ఒకడు. ఆ అంశాలన్నీ కూర్చిన సొంత లెక్క కూడా చాలదని, జనం పందేలతో ఏర్పడ్డ ధరను అందులో కలిపాకే ఫలం వచ్చిందని ఆయనే చెప్పాడు. అంటే జనానికి తెలిసినదాన్ని మినహాయించుకుని మిగిలింది వెతికాడు. మనవాడు జనానికి తెలిసినదాన్నే జనానికి అమ్ముతున్నాడు.

"సుప్రీంకోర్టు గుర్రప్పందెం నైపుణ్యమని చెప్పలేదా?" చెప్పింది, మద్రాసు రేస్ క్లబ్ కేసులో, 1996లో. అంతకుముందు సికింద్రాబాదులోని ఒక క్లబ్బు రమ్మీ కేసులో రమ్మీనీ నైపుణ్యమే అంది. పందెంలో నైపుణ్యం ఉందని కోర్టు అంది. కాసిన ప్రతివాడికీ ఉందని ఏ తీర్పులోనూ లేదు.

తాత్పర్యం

టీకలో పరిహాసం ఆడాను గానీ తాత్పర్యంలో ఆడను. "వీఐపీ టిప్స్" అని నెలకింత చందా వసూలు చేసి, శనివారం రాత్రి జాకీ శాతాలు పంపేవాళ్లున్నారు. గెలిచిన టిప్పును పదిసార్లు పంపుతారు, ఓడినదాన్ని చెరిపేస్తారు. చందా కట్టేవాళ్లలో జీతం రోజునే మలక్‌పేట దారి పట్టేవాళ్లున్నారు, ఇంటి అద్దె తెచ్చి కాసేవాళ్లున్నారు. లోపలి ఖబరు మీద వాళ్లకు కాస్త అనుమానం ఉండేది. శాతం మీద ఆ అనుమానం లేదు, అంకె వేశాక అది చదువులా కనిపిస్తుంది గనక. జాకీ పడితే ఎముక విరుగుతుంది. అతని పేరు అమ్ముకునేవాడికి ఏమీ విరగదు.

కనక సూత్రకర్తకు మనవి. అయ్యా, జాకీలందరి శాతాలూ తమరికి కంఠతా వచ్చు. ఈసారి తమ శాతం చెప్పండి: ఎన్ని పందేలు, ఎంత పోశారు, ఎంత వచ్చింది, పన్ను పోను. చందా డబ్బు కలపకుండా చెప్పండి.