మిర్చియార్డు విజయము: ప్రథమాశ్వాసము

శ్రీకారం చుట్టకముందే తుమ్ము వచ్చింది. శకునశాస్త్రం తిరగేసే వ్యవధి లేదు. స్థలం గుంటూరు మిర్చియార్డు, నెల మార్చి. అక్కడ తుమ్మే ప్రవేశ రుసుము.

నాయిక జర్నలిజం విద్యార్థిని. కుడిచేత మూత పోయిన డాట్‌పెన్ను అనే గాండీవం, ఎడమచేత చార్జింగు కొడిగట్టిన సెల్‌ఫోను, వీపున అక్షయతూణీరం వంటి బ్యాగు. అందులో ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అనే ఆరు దివ్యాస్త్రాలు. గురూపదేశం ఒక్కటే: "స్థానికులతో మాట్లాడుకు రండి."

కావ్యమర్యాద ప్రకారం ఇక్కడ కుకవినింద చెయ్యాలి. గడప దాటకుండా, ఫోనులో రెండు ముక్కలు విని "స్థానికులు వాపోయారు" అని రాసేసే మహానుభావులకు దూరం నుంచే ఒక దండం. ఆ వాపోయినవారెవరో, వాపోయాక టీ అయినా తాగారో లేదో త్రిమూర్తులకూ తెలియదు.

ఆహా, ఆ యార్డు! టిక్కీ మీద టిక్కీగా మిర్చి బస్తాలు ఎక్కించిన కులపర్వతాలు, కోసిన గోనెల్లోంచి తొంగిచూసే పద్మరాగాలు! ఇటు తేజ రకం, అటు 334, ఆ మూల ముడతల బ్యాడిగి. గుప్పెడు కాయలు తీసి, రంగు చూసి, విరిచి, వాసన పీల్చి, చివరికి పెదవి విరిచే వ్యాపారులు. ఆ పెదవి విరుపు కూడా బేరంలో భాగమేనని నాయికకు తెలిసేసరికి మధ్యాహ్నమైంది. "పక్కకి, పక్కకమ్మా!" అన్న హమాలీల సింహనాదానికి మొదటి అస్త్రం తూణీరంలోనే ముడుచుకుంది. రెండోదాన్ని కమీషన్ కొట్టు గుమాస్తా "మా ఓనర్ని అడగండి" అనే కవచంతో తిప్పికొట్టాడు.

అప్పుడు కనబడింది, గోడౌను నీడలో, ముఖాలకు గుడ్డలు చుట్టుకుని ముచ్చికలు తీస్తున్న స్త్రీసైన్యం. నాయిక గొంతు సవరించుకుంది. ఎదుటి పెద్దమ్మ అంతకన్నా ముందే ఎక్కుపెట్టింది.

"ఏ ఊరు పాపా మీది?"

ఎక్కడ పోయింది.

"ఎవరమ్మాయివి?"

ఎవరూ పోయింది.

"ఈ చదువుకి జీతం ఎంతొచ్చిద్ది?"

ఈ ఏడో అస్త్రం సిలబస్‌లోనే లేదు. నిరాయుధ అయిన నాయికను ఘాటు చుట్టుముట్టింది. దగ్గు, తుమ్ము, మళ్లీ దగ్గు. సీసాడు నీళ్లు తాగినా మంట తగ్గలేదు. మిరప మంట నీళ్లకు కరిగే రకం కాదని రసాయనశాస్త్రం చెబుతుంది. పెద్దమ్మ శాస్త్రం జోలికి పోకుండా క్యారేజీ గిన్నెలోంచి మజ్జిగ వంపి ఇచ్చింది. క్షీరసాగర మథనంలో అంతమంది అంత శ్రమపడి సాధించిన అమృతం ఇంత చల్లగా ఉండి ఉండదు.

సరిగ్గా అప్పుడే సెల్‌ఫోను కన్నుమూసింది. పెన్ను ఎక్కడో జారిపోయింది. పెద్దమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది.

"తేజా అంటే షావుకార్లకి మోజు. చైనాకి పోద్దంట. మాకు మాత్రం అదంటే దడ. సన్నకాయ గదా, ఎన్ని తీసినా కిలో అవ్వదు. మా కూలీ కిలోకే గదమ్మా!"

నాయిక ఒళ్లు ఝల్లుమంది. షావుకార్ల లెక్కలో సింహాసనమెక్కిన కాయకు ఈ వేళ్ల లెక్కలో పీట కూడా దక్కదన్నమాట! ఏ ప్రెస్‌నోటూ ఈ మాట చెప్పలేదు. వెంటనే దేవదుందుభులు మోగాయి (రివర్స్ వస్తున్న లారీ). పుష్పవృష్టి కురిసింది (ఎవరో గంప దులిపారు, ముచ్చికలు). ఆర్నెల్ల పాఠాల్లో కలగని ఆనందం తుమ్ముకూ తుమ్ముకూ మధ్య కలిగింది.

"ఊరికే కూచుంటే ఏం రాస్తావ్? ఇయ్యి తీస్తా అడుగు," అంటూ పెద్దమ్మ ఒక గుప్పెడు తేజ ఒడిలో పోసింది.

నాయిక మహోత్సాహంతో ఇరవై కాయలు తీసింది. పదిమందితో మాట కలిపింది. గెలుపు గర్వంతో తలెత్తి, చెంపకు జారిన చెమట తుడుచుకుంటూ ఆ వేళ్లతోనే కన్ను నలుపుకుంది.

ద్వితీయాశ్వాసము ప్రారంభము.