అనుమతి లేకుండా ఫార్వర్డ్ చేయరాదు

పాతబస్తీలో షాయర్లకు ఏనాడూ కొదవ లేదు. గౌలీపురా, శాలిబండ గల్లీల్లో ఈమధ్య తిరుగుతున్న రకం మాత్రం కొత్తది. ఈయన కాపీరైటు కవి.

కవిత నాలుగు పంక్తులు, కింద హెచ్చరిక పదకొండు. మీద అడ్డంగా పేరు, ఫోన్ నంబరు, చార్మినార్ బొమ్మ. మినార్ల సందుల్లోంచి దొరికిన అక్షరాలు ఏరుకోవడం పాఠకుడి ప్రతిభ. ఛత్తా బజార్‌లో పెళ్ళికార్డులు డిజైన్ చేసే పిల్లగాడు "అన్నా, కవిత కనిపిస్తలేదు" అన్నాడట. "కనిపిస్తే ఎత్తుకపోతరు తమ్మీ!"

ఇంత కట్టుదిట్టం చేశాక తెల్లారగానే తానే దాన్ని ఉన్న గ్రూపులన్నిట్లో పెడతాడు. బోనాల కమిటీ గ్రూపులో దండాలొస్తాయి. నీళ్ళ ట్యాంకరు గ్రూపులో "ఇయ్యాల ట్యాంకర్ వస్తదా రాదా?" అని వస్తుంది.

1957 నాటి కాపీరైటు చట్టం ఆయనకు కంఠతా వచ్చు. రాసిన క్షణమే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కవి పోయాక కూడా 60 ఏళ్ళు నడుస్తుంది. ఆ 60 ఏళ్ళ ఆస్తిని మనవడికి ఒప్పజెప్పబోతే "పైసలెన్నొస్తయి తాతా?" అన్నాడు వాడు. అయినా రాసిన ప్రతిదీ స్పీడ్ పోస్టులో తనకు తానే పంపుకుని, కవరు చించకుండా బీరువాలో దాస్తాడు. అలా పంపుకుంటే కొత్తగా హక్కేమీ రాదన్న లాయరు దోస్తుతో అప్పట్నుంచి మాటల్లేవు.

ఇక పరాయి కవితల సంగతి. మఖ్దూం మొహియుద్దీన్ పోయింది 1969లో, అంటే 2029 చివరిదాకా హక్కులున్నట్టే. దాశరథి పోయింది 1987లో, ఆయనవి 2047 దాకా. మనవాడు ఇద్దరినీ గులాబీ బొమ్మలమీదికెక్కించి, పేర్లు లేకుండా గుడ్‌మార్నింగ్ చెప్పిస్తాడు. ఇదేంటంటే "మహాకవులు ప్రజల ఆస్తి భాయ్" అంటాడు. పేరు చెప్పుకునే హక్కు కవికి విడిగా ఇచ్చిన 57వ సెక్షను దగ్గర ఆయన కంఠం ఎందుకో తడబడుతుంది.

మొన్న ఆయన కవితే ఊరంతా తిరిగి ఆయన ఫోన్లోకొచ్చింది. చార్మినార్ లేదు, పేరు లేదు. అడుగున "సేకరణ" అని ఉంది. "దొంగలు పడ్డరు!" అంటూ ఇరానీ హోటల్లో బల్లబల్లకీ తిరిగి చూపించాడు, అందరికీ చాయ్ చెప్పాడు. లాయరుతోనూ మాటలు కలిశాయి. ఆయన జాలిపడి, నోటీసు తయారుచెయ్యమంటావా అన్నాడు.

"గప్పుడే ఎందుకు భాయ్? ఇంకో నాలుగు గ్రూపులు తిరగనీ."