మద్దెలే ఓడు

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ మాట అని నలుగురి ముందు అనేశాను. అన్నది పెద్దవాళ్లెవరినో కాదు, మా చెల్లెలి కూతుర్ని. ఆ పిల్ల హైదరాబాద్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది.

అరకేరలో మా చేను పక్కన మట్టికట్టకు కార్డు తగిలించి గురి కొట్టడం నాకు అలవాటు. నాది స్ప్రింగు ఎయిర్ రైఫిల్. బోరు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్ల లోపే కాబట్టి లైసెన్సు అక్కర్లేదు. దానికి కొత్తగా స్కోపు కొన్నాను. పత్తి తీతలయ్యాక, సెలవులకొచ్చిన మేనకోడల్ని కూర్చోబెట్టి జీరో చేద్దామన్నాను, అంటే గురిపెట్టిన చోటే గుండు పడేలా సర్దుదామని. వాళ్ల పోటీల్లో స్కోపులుండవు, పీప్ సైటే. అయినా గురి సర్దడం తనకు నాకంటే బాగా తెలుసు. అది ఒప్పుకోవడానికే నాకు మనసు రాలేదు.

తను కొట్టిన ప్రతి గుండుకూ నేను స్కోపు నాబ్ తిప్పాను. కుడికి పడితే ఎడమకు, కింద పడితే పైకి. ఆ స్కోపుకు ఒక క్లిక్కంటే 100 గజాల దగ్గర పావు అంగుళం. 10 మీటర్ల దగ్గరైతే ముప్పావు మిల్లీమీటరు కూడా ఉండదు. బెత్తెడు పక్కకు పోతున్న గుండును నాలుగు క్లిక్కులతో లాక్కొద్దామనుకున్నాను!

“మామయ్యా, ఏమీ తిప్పకుండా ఒక అయిదు కొట్టనివ్వు” అంది. అయిదూ ఒకచోట గుంపుగా పడితే, ఆ గుంపు నడిమి నుంచి కొలిచి తిప్పాలి. అవి గుంపుగా పడలేదు, చెల్లాచెదురయ్యాయి. “స్కోపు కదులుతున్నట్టుంది” అంది. అప్పుడే ఆ సామెత అన్నాను. చెయ్యి వణుకుతోందని కూడా అన్నాను. పిల్ల తుపాకీ పక్కన పెట్టి ఇంట్లోకి వెళ్లిపోయింది.

వాళ్ల కార్డులో పదో వలయం అర మిల్లీమీటరు చుక్క. దాని కోసం రోజూ సాధన చేసే చెయ్యి బెత్తెడు వణుకుతుందా? ఆ మాత్రం ఆలోచన రాలేదు నాకు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్‌కు ముందు సైటింగ్ షాట్లలో అభినవ్ బింద్రా గుండు నాలుగో వలయంలోకి పోయింది. ఆయన తన చేతిని అనుమానించలేదు. సైటు కదిలిందని గ్రహించి క్లిక్కులు సర్దుకున్నాడు. ఫైనల్లో మొదటి షాటు 10.7, చివరిది 10.8. బంగారు పతకం. ఈ సంగతి నాకు చెప్పింది ఆ పిల్లే. ఎంత గర్వంగా ఊళ్లో వాళ్లకు చెప్పుకున్నానో!

పిల్ల హైదరాబాద్ వెళ్లాక స్కోపు విప్పబోతే, దాన్ని తుపాకీకి పట్టి ఉంచే మౌంటు స్క్రూలు వేలితోనే తిరిగాయి. స్ప్రింగు తుపాకీ రెండుసార్లు తంతుంది. పిస్టన్ దూకేటప్పుడు వెనక్కి, అది చివర కొట్టుకునేటప్పుడు ముందుకు. ఆ కుదుపులకు మౌంటు కొంచెం కొంచెంగా వెనక్కి జరిగింది. దాని ముందు, తుపాకీ మీది రైలుకున్న నల్లరంగు గీసుకుపోయి, గోరంత మేర లోహం తెల్లగా మెరుస్తోంది. స్క్రూలు బిగించింది నేనే. అలెన్ కీ సరిగ్గా పట్టలేదని అప్పుడే తెలిసినా, చాల్లే అనుకున్నాను.

ఎవరెవరి ముందు ఆ మాటన్నానో వాళ్లందరినీ పిలిచి, స్పీకరు పెట్టి ఫోన్ చేశాను. తప్పు నాది, నువ్వు చెప్పిందే నిజమన్నాను. కాసేపు పలకలేదు. తర్వాత, “స్టాప్ పిన్ ఉన్న మౌంటు తెప్పించు మామయ్యా. బిగించాక అయిదు కొట్టు. అయిదూ పడేదాకా నాబ్ ముట్టుకోకు” అంది.